అమెజాన్ గాలిలో రెండు కాలాలు: మార్చి గాలి వేరు, సెప్టెంబరు గాలి వేరు

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చేసరికి ఉపగ్రహ చిత్రాల్లో దక్షిణ అమెరికా నడిబొడ్డు మీద బూడిదరంగు పొర పరుచుకుని కనిపిస్తుంది. అమెజాన్ తగలబడుతోందన్న వార్తలు ఆ చిత్రాల వెంటే వస్తాయి. అదే అడవి గురించి వచ్చే మరో రకం కథనాల్లో మాత్రం, ఖండాల మీద దొరికే గాలిలో ఇంత శుభ్రమైనది అరుదు అని ఉంటుంది. రెండూ నిజమే. చిక్కల్లా ఏ నెల గాలి గురించి మాట్లాడుతున్నారు, ఏ సైజు కణాలను లెక్కపెట్టారు, లెక్క సంఖ్యలోనా బరువులోనా అన్నది చెప్పకపోవడంతోనే వస్తుంది. ఈ మూడూ తెలియకుండా 'అమెజాన్ గాలి' అని ఒక్క మాటలో చెప్పడం కుదరదు.

కణం సైజు చెప్పకుండా లెక్క చెబితే ఏం పోతుంది

గాలిలో తేలుతుండే ఘన, ద్రవ కణాలన్నిటినీ కలిపి ఏరోసాల్ అంటారు. ధూళి, పొగ, పుప్పొడి, శిలీంధ్రాల సిద్ధబీజాలు, సముద్రపు ఉప్పు, చెట్లు వదిలిన ఆవిర్లు గడ్డకట్టగా ఏర్పడిన తుంపరలు, అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో అతి చిన్నవి రెండు మూడు నానోమీటర్లుంటే, పుప్పొడి రేణువులు 100 మైక్రోమీటర్ల దాకా ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రోమీటరు, అందులో మళ్లీ వెయ్యో వంతు నానోమీటరు. అంటే పెద్దదానికీ చిన్నదానికీ వేల రెట్ల తేడా.

సౌలభ్యం కోసం ఇక్కడ వీటిని మూడు తరగతులుగా చూద్దాం. 100 నానోమీటర్ల లోపువి అతిసన్న కణాలు. అక్కడి నుంచి ఒక మైక్రోమీటరు దాకా సన్న కణాలు. ఆపైవి ముతక కణాలు. ఈ విభజన ఊరికే చేసింది కాదు, గాలిలోంచి అవి తప్పుకునే దారులే వేరు. నిశ్చలమైన గాలిలో 30 మీటర్ల ఎత్తున్న చెట్టు కొసనుంచి 100 మైక్రోమీటర్ల పుప్పొడి రేణువు రెండు నిమిషాల్లో నేలకు దిగుతుంది. పది మైక్రోమీటర్ల కణానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. ఒక మైక్రోమీటరు కణం రోజుకు మూడు మీటర్లే దిగుతుంది కాబట్టి దానికి పది రోజులు. 0.1 మైక్రోమీటరు కణమైతే రోజుకు పది సెంటీమీటర్లు కూడా దిగదు. దాన్ని గాలిలోంచి తీసేసేది బరువు కాదు, వాన. ఇక అతిసన్నవి నిలకడ లేకుండా కదులుతూ పెద్ద కణాలకో, ఆకులకో తగిలి అతుక్కుపోతాయి. అందుకే మధ్యలోని సన్న కణాలకే ఆయుష్షు ఎక్కువ. వానలు పడకపోతే వారం, అంతకన్నా ఎక్కువ రోజులు గాలిలో ఉండి వేల కిలోమీటర్లు వెళ్లేవి ఇవే.

సంఖ్యకూ బరువుకూ మధ్య తేడా ఒక లెక్కతో తేలుతుంది. వానకాలంలో ఘనపు సెంటీమీటరు గాలిలో 0.1 మైక్రోమీటరు కణాలు 300 ఉన్నాయనుకుందాం. ఘనపు మీటరుకు 30 కోట్లు. 5 మైక్రోమీటర్ల సిద్ధబీజం వ్యాసం దానికి 50 రెట్లు, కాబట్టి ఘనపరిమాణం 1,25,000 రెట్లు. సాంద్రత ఒకటే అనుకుంటే, ఆ 30 కోట్ల కణాల బరువుకు 2,400 సిద్ధబీజాలు సరితూగుతాయి. లీటరు గాలికి రెండో మూడో సిద్ధబీజాలు! బరువు తూచే పరికరం ముందు ఈ 2,400 ఎంతో ఆ 30 కోట్లూ అంతే. సంఖ్య లెక్కపెట్టే పరికరానికి ఈ 2,400 ఉన్నా లేకున్నా ఒకటే. ఒకే గాలి మీద రెండు నివేదికలు పొంతన లేకుండా కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

వానపట్టీ జరిగితే గాలి పుట్టిల్లు మారుతుంది

మధ్య అమెజాన్‌లో, బ్రెజిల్ నగరం మనౌస్ చుట్టుపక్కల, ఫిబ్రవరి నుంచి మే దాకా వానకాలం. ఆగస్టు నుంచి నవంబరు దాకా పొడికాలం. పొడికాలమంటే చినుకు పడదని కాదు. మార్చిలో 300 మిల్లీమీటర్ల పైచిలుకు పడే వాన ఆగస్టు, సెప్టెంబరుల్లో నెలకు వందకు లోపే ఉంటుంది. కణాలను కడిగే చేయి అంతమేరకు తగ్గుతుంది.

వాన తగ్గడం ఒక్కటే అయితే విషయం తేలికయ్యేది. ఉత్తరార్ధగోళపు వ్యాపార పవనాలూ దక్షిణార్ధగోళపు వ్యాపార పవనాలూ కలిసేచోట ఒక వానపట్టీ ఉంటుంది. అది సూర్యుడి వెంట ఉత్తర దక్షిణాలకు జరుగుతూ ఉంటుంది. వానకాలంలో ఆ పట్టీ మనౌస్ కంటే దక్షిణాన ఉంటుంది కాబట్టి అక్కడికి చేరే గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అట్లాంటిక్ దాటి, ఎడతెగని అడవి మీదుగా, దారి పొడుగునా వానలో తడుస్తూ వస్తుంది. పొడికాలంలో పట్టీ ఉత్తరానికి వెళ్లిపోతుంది. అప్పుడొచ్చేది తూర్పు, ఆగ్నేయ దిక్కుల గాలి. అడవి నరికి పశువుల మేతభూములూ పొలాలూ చేసిన ప్రాంతాల మీదుగా వచ్చే గాలి. అంటే కడిగే వాన తగ్గడం, గాలి వచ్చే దిక్కు మారడం, ఆ దిక్కున మంటలు మొదలవడం, మూడూ ఒకేసారి జరుగుతాయి. సెప్టెంబరులో కణాలు పెరిగాయంటే అందులో దేని వాటా ఎంత అని విడదీయడం ఇందుకే కష్టం.

అమెజాన్ అంతటికీ ఈ పంచాంగమే వర్తిస్తుందనీ అనుకోకూడదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న రొరైమా రాష్ట్రంలో మంటల కాలం జనవరి నుంచి మార్చి దాకా. మనౌస్‌లో కుండపోత కురుస్తున్నప్పుడు అక్కడ గడ్డిభూములు ఎండి ఉంటాయి. నైరుతిన ఉన్న రొండోనియాలోనేమో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పొగ మధ్య అమెజాన్ కంటే ఎన్నో రెట్లు దట్టం. 'అమెజాన్ సగటు' అనే అంకె కనిపించినప్పుడు అది ఏ స్టేషనుదో చూడాలి.

వానకాలపు కణాలను అడవి ఎలా చేస్తుంది

మనౌస్‌కు ఈశాన్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్య, బ్రెజిల్, జర్మనీ కలిసి కట్టిన 325 మీటర్ల ఎత్తు పరిశోధన టవర్ ఉంది. పేరు అట్టో. 2015లో ప్రారంభమైంది. అక్కడ వానకాలంలో ఘనపు సెంటీమీటరుకు కణాలు కొన్ని వందలే ఉంటాయి. ఖండం నట్టనడుమ ఉన్నా సముద్రం మీది గాలికి దగ్గరగా ఉండే లెక్క ఇది. శాస్త్రజ్ఞులు ఈ అడవిని 'హరిత సముద్రం' అని పిలవడం అందుకే. సన్న కణాల బరువు ఘనపు మీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రోమీటర్ల లోపు కణాలన్నిటి బరువుకు, పెట్టిన వార్షిక పరిమితి 5 మైక్రోగ్రాములు.

సంఖ్య తక్కువే కానీ రకాలు మాత్రం బోలెడు. బరువులో పెద్ద వాటా ముతక కణాలదే, వాటిలో ఎక్కువ జీవసంబంధమైనవే: సిద్ధబీజాలు, పుప్పొడి, బాక్టీరియా, ఆకుల తుక్కు. వీటిలో శిలీంధ్రాల పని ప్రత్యేకంగా చూడదగ్గది. పుట్టగొడుగు జాతి శిలీంధ్రాల్లో సిద్ధబీజం అడుగున చిన్న నీటిబొట్టు ఊరుతుంది. సిద్ధబీజం పక్కమీద మరో పలుచని నీటిపొర ఉంటుంది. బొట్టు పెరిగి పెరిగి ఆ పొరను తాకగానే రెండూ చటుక్కున కలిసిపోతాయి. ఆ కదలిక ఊపుకే సిద్ధబీజం కాడనుంచి ఊడి ఎగిరిపోతుంది. ఈ విద్యకు గాలిలో తేమ కావాలి. అందుకే తేమ నూరు శాతానికి దగ్గరపడే రాత్రివేళల్లో, తెల్లవారుజామున సిద్ధబీజాల సంఖ్య పెరుగుతుంది. నీటితో పాటు పొటాషియం లవణాలూ మాన్నిటాల్ అనే చక్కెర ఆల్కహాలూ బయటికొస్తాయి. వడపోత కాగితంలో మాన్నిటాల్ దొరికితే అది శిలీంధ్రాల జాడగా పరిశోధకులు లెక్కవేస్తారు.

సన్న కణాల పుట్టుక వేరే. చెట్లు పగటిపూట, ఎండకూ వేడికీ స్పందిస్తూ ఐసోప్రీన్ అనే ఆవిరిని వదులుతాయి. టర్పీన్లనే మరో రకం ఆవిర్లు కూడా కొద్దిగా ఉంటాయి. గాలిలోని ఓజోన్, హైడ్రాక్సిల్ వంటివి వీటిని ఆక్సీకరణం చేస్తే బరువైన అణువులు ఏర్పడి, ఉన్న కణాల మీద పేరుకుంటాయి. ఐసోప్రీన్‌లో కణంగా మారేది చాలా స్వల్పం, కానీ వదిలేది అంత పెద్ద మొత్తం కాబట్టి ఆ స్వల్పమే లెక్కకొస్తుంది. వానకాలపు సన్న కణాల్లో మూడొంతులకు అటూఇటూగా ఇలాంటి సేంద్రియ పదార్థమే ఉంటుంది. ఈ పదార్థం పేరుకోవడానికి మొదట ఒక విత్తు కావాలి. ఆ విత్తుల్లో కొన్ని శిలీంధ్రాలూ మొక్కలూ విడిచిన పొటాషియం లవణపు నలుసులేనని 2012లో తేలింది.

అయినా ఒక చిక్కుముడి మిగిలింది. ఫిన్లాండ్ వంటి చోట్ల చలి అడవుల్లో నేలకు దగ్గరగానే, పట్టపగలే, వాయువులనుంచి కొత్త కణాలు గుంపులుగా పుడతాయి. అమెజాన్ నేలమట్టంలో ఆ తీరు దాదాపు కనిపించదు. మరి వానలు రోజూ కడిగేస్తున్నా కణాలు సున్నాకు ఎందుకు పడిపోవు? 2014 సెప్టెంబరులో జర్మనీ పరిశోధక విమానం హాలో అడవి మీద ఎగిరినప్పుడు జవాబులో ఒక ముక్క దొరికింది. 8 కిలోమీటర్ల పైన ఘనపు సెంటీమీటరుకు వేలల్లో, కొన్నిచోట్ల పదివేలల్లో అతిసన్న కణాలున్నాయి. కింద వందలు, పైన వేలు! తర్వాత 2022–23లో చేసిన విమాన పరిశీలనలు, జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలోని గదిలో మైనస్ 30, మైనస్ 50 డిగ్రీల చలిలో చేసిన ప్రయోగాలు కలిపి, పైన జరిగేది 2024లో వివరించారు. రాత్రి ఉరుముల మేఘాలు ఐసోప్రీన్‌ను పైకి మోసుకెళతాయి. మెరుపులవల్ల పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడ సిద్ధంగా ఉంటాయి. తెల్లవారి ఎండ తగలగానే రసాయన చర్య మొదలై, ఆ చలిలో ఇట్టే గడ్డకట్టే అణువులు తయారవుతాయి.

పైన పుట్టినవి కిందికి వచ్చేది వానతోనే. గాలివాన మొదలైన క్షణాన టవర్ మీది పరికరాలు చూస్తే, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు ఒక్కసారిగా పడుతుంది, ఓజోన్ పెరుగుతుంది, 50 నానోమీటర్ల లోపు కణాలు పెరుగుతాయి, అదే సమయంలో పెద్ద కణాలు తగ్గుతాయి. ఓజోన్ పెరిగిందంటే ఆ గాలి పైనుంచి దిగిందే. ఇక్కడే ఇప్పుడు అభిప్రాయభేదం ఉంది. వాన తర్వాత కనిపించే అతిసన్న కణాలన్నీ పైనుంచి దిగినవేనని ఒక వాదన. దిగివచ్చిన ఓజోన్ చెట్ల గుబుర్లలోని టర్పీన్లతో కలిసి అక్కడికక్కడే కొత్త కణాలను పుట్టిస్తోందని, అవి చెట్ల కొసల నుంచి పైకి పోతున్నాయని 2024లో వచ్చిన మరో అధ్యయనం. ఒకటి నిజమైతే రెండోది తప్పు కానక్కర్లేదు. కానీ ఏది ఎంత అన్నదాన్ని బట్టి మేఘాల నమూనాల్లో కణాలను ఏ ఎత్తులో పుట్టించాలో మారిపోతుంది.

మార్చిలో ఆఫ్రికా ధూళి, ఆఫ్రికా పొగ

వానకాలపు గాలి మనిషి జోక్యం లేని గాలి అని రాయడం పరిపాటి. అది సగమే నిజం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వచ్చే ఈశాన్య గాలి వెనక సహారా ఉంది. కొన్ని రోజులపాటు ముతక కణాల బరువు ఒక్కసారి పెరిగి, వాటిలో అల్యూమినియం, సిలికాన్, ఇనుము కనిపిస్తే అది ఎడారి ధూళి. దాంతోపాటు పశ్చిమ ఆఫ్రికా గడ్డిభూముల మంటల మసి కూడా వస్తుంది, ఎందుకంటే అక్కడి మంటల కాలం సరిగ్గా ఇదే. అట్టోలో వానకాలంలో కొలిచిన మసిలో సగానికి పైగా ఆఫ్రికాదేనని విశ్లేషణలు చెబుతున్నాయి. ఘనపు మీటరుకు సగటున 0.07 మైక్రోగ్రాములే అయినా, ఆ కాస్త కూడా సముద్రం దాటి వచ్చిందే ఎక్కువ.

ధూళి గురించి ప్రచారంలో ఉన్న ప్రసిద్ధ లెక్క ఒకటుంది: ఏటా 2.77 కోట్ల టన్నుల ధూళి అమెజాన్ మీద రాలుతుందని, అందులో 22,000 టన్నుల భాస్వరం ఉంటుందని. 2007–2013 ఉపగ్రహ కొలతలతో 2015లో వేసిన అంచనా అది. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే ధూళిలో భాస్వరం 0.08 శాతం. ఈ నిష్పత్తి చాద్ దేశంలోని బొడేలే పల్లంలో తీసిన మట్టిదే. అధ్యయనంలో తీసుకున్న వైశాల్యం మీద పంచితే హెక్టారుకు ఏడాదికి సుమారు 23 గ్రాములు. అంచనాలో పొరపాటుకు వదిలిన అవకాశం 7 నుంచి 39 గ్రాముల దాకా ఉంది.

దీని మీద రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ బరువైనవే. ధూళంతా బొడేలేది కాదు, అట్లాంటిక్‌కు దగ్గరగా ఉన్న పశ్చిమ సహారా ప్రాంతాల వాటా ఎక్కువ కావచ్చు. అప్పుడు 0.08 శాతమన్న నిష్పత్తే మారుతుంది. రెండోది, ధూళిలోని భాస్వరం చాలావరకు ఖనిజంలో బిగుసుకుని ఉంటుంది, నీటిలో తేలిగ్గా కరగదు. పొగలోని భాస్వరం అంతకన్నా బాగా కరుగుతుంది. మొక్కకు అందేదాన్ని లెక్కిస్తే ఆఫ్రికా పొగ ధూళితో పోటీ పడగలదని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. 'సహారా అమెజాన్‌కు ఎరువు వేస్తోంది' అన్న వాక్యం తప్పు కాదు, కానీ ఎంత అన్నది ఇంకా తేలలేదు.

పొడికాలంలో వచ్చేది ఏ పొగ

మే, జూన్, జూలైల్లో నరికిన చెట్లను ఎండబెట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో తగలబెడతారు. పాత మేతభూముల్లో పొదలు పెరక్కుండా మళ్లీ మళ్లీ నిప్పు పెడతారు. అక్కణ్నుంచి మంట అదుపు తప్పి పక్క అడవి కిందిభాగంలోకి పాకుతుంది. ఈ మూడు రకాల మంటల పొగా ఒకటి కాదు. భగ్గున మండే గడ్డి మంటలో మసి పాలెక్కువ. పచ్చి మానులు రోజుల తరబడి రాజుకుంటూ ఉంటే మసి తక్కువ, సేంద్రియ కణాలూ కార్బన్ మోనాక్సైడూ ఎక్కువ.

అట్టో మంటలకు దూరంగా ఉన్నా పొడికాలంలో అక్కడ కణాల సంఖ్య వెయ్యి దాటుతుంది, మసి 0.07 నుంచి 0.4 మైక్రోగ్రాముల దగ్గరికి, అంటే అయిదారు రెట్లకు చేరుతుంది. మంటలకు దగ్గరగా ఉన్న రొండోనియాలో సంఖ్య పదివేలు దాటుతుంది, పీఎం 2.5 దట్టమైన రోజుల్లో వందల్లోకి వెళుతుంది. సైజుల తీరు కూడా మారుతుంది. వానకాలంలో 70 నానోమీటర్ల దగ్గర ఒక గుంపు, 150 దగ్గర ఒక గుంపు, మధ్యలో సుమారు 100 దగ్గర ఖాళీ కనిపిస్తాయి. ఆ ఖాళీ మేఘాల పని: మేఘంలో బొట్టుగా మారిన కణం బొట్టు ఆవిరయ్యాక ఇంకాస్త పెద్దదై బయటికొస్తుంది, మారనిది చిన్నదిగానే ఉండిపోతుంది. పొడికాలంలో పొగ కణాలు సరిగ్గా ఆ ఖాళీని నింపేస్తాయి, రెండు గుంపులూ దాదాపు ఒకటవుతాయి.

రోజులో ఏ వేళ కొలిచారన్నదీ ముఖ్యమే. రాత్రి నేలమీది చల్లగాలి పలుచని పొరలా బిగుసుకుపోతుంది, పొగ అందులోనే చిక్కుకుంటుంది. మధ్యాహ్నానికి ఆ పొర కిలోమీటరుకు పైగా ఎత్తు పెరిగి అదే పొగ పలచబడుతుంది. మంట తగ్గకపోయినా నేల మీది అంకె తగ్గుతుంది. ఇక ఆండీస్ పర్వతాల తూర్పు అంచున దక్షిణంగా వీచే బలమైన గాలి ఈ పొగను వేల కిలోమీటర్ల దూరం తీసుకెళుతుంది. 2019 ఆగస్టు 19 మధ్యాహ్నం సావో పాలోలో చీకటి పడ్డట్టు అయింది, అటువైపు మళ్లిన పొగా అప్పుడే వచ్చిన శీతల మేఘాలూ కలవడం వల్లే.

మధ్యలో ఊహించని అతిథులూ వస్తారు. 2014 సెప్టెంబరులో అట్టోలో సల్ఫేట్, అంటే గంధకం నుంచి ఏర్పడే పదార్థం, ఒక్కసారిగా పెరిగింది. పొగ కారణమైతే మసి కూడా దాంతో పెరగాలి, పెరగలేదు. ఆరా తీస్తే అది కాంగోలోని అగ్నిపర్వతాల గంధకం, అట్లాంటిక్ దాటి వచ్చింది. ఒక్క అంకెను చూసి కారణం చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కొలతలో ఎక్కడ దెబ్బతింటారు

అట్టోలో చెట్ల కొసలకన్నా ఎత్తున, సుమారు 60 మీటర్ల దగ్గర, గాలిని పీల్చి స్టీలు గొట్టం ద్వారా కింది ప్రయోగశాల గదికి తెస్తారు. బయట తేమ 90 శాతానికి పైన. గదిలో ఏసీ చల్లదనానికి గొట్టం లోపల నీరు పట్టేస్తుంది. తేమకు కణాలు ఉబ్బి ఉన్నదానికన్నా పెద్ద సైజుగా నమోదవుతాయి. అందుకే గాలిని 40 శాతం తేమకు దిగువకు ఆరబెట్టి పరికరాలకు ఇస్తారు. ఆరబెట్టే సిలికా జెల్ నిండిపోయిన సంగతి ఎవరూ చూసుకోకపోతే, ఆ రోజుల దత్తాంశంలో సైజులన్నీ పక్కకు జరుగుతాయి. పొడవాటి గొట్టంలో అతిసన్నవి గోడలకు అంటుకుని పోతాయి, ముతకవి వంపుల దగ్గర రాలిపోతాయి. రెండు నష్టాలకూ లెక్కగట్టి దిద్దుబాటు చేయాలి. కణాలను లెక్కపెట్టే యంత్రంలో బ్యూటనాల్ ఆవిరి కణం మీద గడ్డకట్టి దాన్ని కాంతికి కనిపించేంత చేస్తుంది. ఆ బ్యూటనాల్‌లో నీరు చేరితే లెక్క తగ్గిపోతుంది. గాలి ఎదురు తిరిగి స్టేషను సొంత జనరేటరు పొగ గొట్టంలోకి వస్తే కొద్ది నిమిషాలపాటు అంకె ఎగబాకుతుంది. గాలి దిక్కు నమోదును పక్కన పెట్టుకుని వాటిని తీసేయాలి.

మసిని కొలిచేది కాగితం మీద చేరిన కణాలు ఎంత వెలుగును మింగాయన్నదాన్ని బట్టి. ధూళీ, గోధుమరంగు సేంద్రియ పదార్థమూ కూడా కొంత మింగుతాయి. పొగే అని రుజువు చేయాలంటే చెక్కలోని సెల్యులోజ్ కాలితేనే వచ్చే లెవోగ్లూకోసాన్‌ను వెతకాలి. ఉపగ్రహాల బలహీనత వేరు: మేఘం అడ్డుంటే కణాలు కనపడవు. వానకాలంలో వాటికి దొరికేవి మబ్బు లేని కొద్ది గంటలే, అవి ఆ కాలానికి ప్రతినిధులు కావు.

వాన మీద ప్రభావం: ఒప్పుకున్నది ఎంత, వాదం ఎక్కడ

మేఘంలో ప్రతి బొట్టూ ఒక కణం మీదే మొదలవుతుంది. ఘనపు మీటరు మేఘంలో ఒక గ్రాము నీరుందనుకుందాం. ఘనపు సెంటీమీటరుకు 200 బొట్లయితే ఒక్కో బొట్టు వ్యాసార్ధం సుమారు 10.6 మైక్రోమీటర్లు. 2,000 బొట్లయితే 4.9. బొట్లు ఢీకొని కలిసి వానచినుకులుగా మారడం చురుగ్గా సాగాలంటే దాదాపు 14 మైక్రోమీటర్లు కావాలి. శుభ్రమైన మేఘం ఇంకాస్త ఎత్తుకు పెరిగి నీరు 2.5 గ్రాములైతే వ్యాసార్ధం 14 దాటేస్తుంది, వాన మొదలవుతుంది. పొగ మేఘం అదే నీటితో 6.7 దగ్గరే ఆగుతుంది. అది వాన కురవాలంటే ఇంకా చాలా ఎత్తుకు, తరచు మంచు ఏర్పడే ఎత్తుకు పోవాలి. కణాలు పెరిగితే బొట్లు చిన్నవై వాన మొదలు ఆలస్యమవుతుందన్న మేరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ తర్వాతే దారులు చీలుతాయి. ఆలస్యమైన నీరు పైకి వెళ్లి గడ్డకట్టేటప్పుడు వేడిని విడుదల చేసి మేఘాన్ని మరింత బలంగా పెంచుతుంది, ఉరుములూ వడగళ్లూ పెరుగుతాయని ఒక వర్గం. వానకాలపు శుభ్రమైన గాలిలోకి మనౌస్ నగరపు అతిసన్న కణాలు చేరితే మేఘాల్లో పైకి లేచే గాలి బలం పెరుగుతోందని 2018లో వచ్చిన అధ్యయనం దీనికి ఊతమిచ్చింది. కణాలు ఎక్కువున్న రోజుల్లోనే వాతావరణం కూడా సహజంగా అస్థిరంగా ఉండి ఉంటుందని, ఆ రెంటినీ విడదీస్తే కణాల ప్రభావం మిగలదని తర్వాతి విశ్లేషణలు ఎదురువాదం చేశాయి. నాకైతే రెండో వర్గం అడిగిన ప్రశ్న ఇంకా గట్టిగానే నిలిచి ఉందనిపిస్తుంది. కణాలు, తేమ, గాలి దిక్కు అన్నీ కలిసి మారే చోట ఒక్కదానికే ఘనత కట్టబెట్టడానికి ఆధారం చాలా బలంగా ఉండాలి.

దట్టమైన పొగ మాత్రం మరో పని చేస్తుంది. మసి ఎండను మింగి గాలిపొరను వేడెక్కిస్తుంది, నేల చల్లబడుతుంది, మేఘాలకు కావలసిన పైకి లేచే గాలి అణగిపోతుంది. 2004లో వచ్చిన ఉపగ్రహ విశ్లేషణలో శుభ్రమైన గాలిలో ఆకాశంలో 38 శాతం కప్పిన చిన్న మేఘాలు దట్టమైన పొగలో సున్నాకు చేరాయి.

పొగలో చెట్టుకు వెలుగు ఎంత అందుతుంది

గాలిలో కణాలు వెలుగును ఎంత అడ్డుకుంటాయో చెప్పే అంకె కాంతి మందం. అది 0.1 అయితే నడినెత్తి ఎండలో 90 శాతం నేరుగా దిగుతుంది. 1 అయితే 37 శాతం, 2 అయితే 14 శాతం. వానకాలపు అమెజాన్ 0.1 దగ్గర ఉంటుంది. పొగ రోజుల్లో నైరుతిన 2 దాటుతుంది.

నేరుగా దిగని వెలుగంతా పోయినట్టు కాదు. చాలాభాగం చెదిరి అన్ని దిక్కుల నుంచీ వస్తుంది, పై ఆకుల నీడలో ఉన్న కింది ఆకులకు అందుతుంది. అందువల్ల ఒక మోస్తరు పొగలో అడవి పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ 20–30 శాతం పెరిగినట్టు రొండోనియాలోనూ మనౌస్ దగ్గరా కొలిచారు. పొగ ఇంకా దట్టమైతే మొత్తం వెలుగే చాలక ఆ లాభం పోతుంది. ఇది విని పొగ అడవికి మేలన్న నిర్ణయానికి రావడం పొరపాటు. ఆ కొలత కిరణజన్య సంయోగక్రియది మాత్రమే. పొగ వెంట వచ్చే ఓజోన్ ఆకులకు చేసే హానీ, ఆ పొగ కోసం కాలిపోయిన చెట్లూ అందులో లేవు.

ఏడాదికీ ఏడాదికీ తేడా

పొడికాలపు కణాల మట్టం మనిషి నిర్ణయాలతో మారుతుంది. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోగా 2012లో ఆ నష్టం 4,571కి తగ్గింది. ఆ ఏళ్లలో పొడికాలపు పొగ కూడా తగ్గింది. అయితే అడవి నరకడం తగ్గినా కరవు వస్తే పాత మేతభూముల మంటలు తేమ తగ్గిన అడవిలోకి పాకుతాయి. ఎల్ నీనో ఏడాది 2015లోనూ, మనౌస్ నగరాన్నే పొగ కమ్మేసిన 2023 అక్టోబరులోనూ కనిపించింది అదే. నరికివేత గణాంకాలూ పొగ గణాంకాలూ ఎప్పుడూ చేయి పట్టుకుని నడవవు.

వానకాలపు మసి సంగతి ఇంకా వేరు. బ్రెజిల్‌లో ఒక్క మంట కూడా లేని ఏడాది వచ్చిందనుకున్నా సెప్టెంబరు అంకె పడిపోతుంది గానీ పూర్తిగా శుభ్రపడదు. ఆ నెలల్లో ఆఫ్రికా ఖండపు దక్షిణభాగంలోని గడ్డిమంటల పొగ కూడా అట్లాంటిక్ మీదుగా వస్తుంటుంది. మార్చి అంకెనైతే నిర్ణయించేది ప్రధానంగా పశ్చిమ ఆఫ్రికాలో డిసెంబరు నుంచి ఎంత గడ్డి కాలింది, దారిలో ఎంత వాన పడింది అన్నదే.